చెక్క చిన్నదైతే నార చిన్నదవదు

(సంక్రాంతి బొమ్మల కొలువు సందర్భంగా మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరు కొంచెం ముందుకు జరగండి. ఇవాళ నేను చూపించేవన్నీ చాలా చిన్నవి. వెనక కూర్చుంటే కనపడవు. పెద్దవాళ్లు కూడా మొహమాటం లేకుండా కుర్చీలు దగ్గరకు లాక్కోండి.

నేను ముప్పై ఏళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. బొమ్మలు చెక్కడం నా వృత్తి కాదు, మా ఇంట్లో ఎవరి వృత్తీ కాదు. తొమ్మిదేళ్ల కిందట సరదాగా మొదలుపెట్టాను. ఇప్పుడు పొద్దున్నే ఒక గంట చెక్కతో కూర్చోకపోతే ఆ రోజంతా ఏదో వెలితిగా ఉంటుంది.

ఇదంతా చెయ్యి విరిగిన ఒక బొమ్మతో మొదలైంది. మా అమ్మమ్మ కొలువులో కొండపల్లి బొమ్మ ఒకటి ఉండేది. నెత్తిన కుండ పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నడిచే ఆవిడ. అమ్మమ్మ పోయాక బొమ్మల పెట్టె మా ఇంటికి వచ్చింది. తెరిచి చూస్తే ఆవిడకి కుండ ఉంది, కుండ పట్టుకున్న చెయ్యి లేదు. పెట్టె అడుగున గుడ్డలన్నీ దులిపి వెతికినా దొరకలేదు. రెండు సెంటీమీటర్ల చెయ్యే కదా, నేనే చేసేస్తానులే అనుకున్నాను. ఇంట్లో కిటికీ పని జరిగినప్పుడు మిగిలిన టేకు ముక్క ఉంది. దాని మీద పెన్సిలుతో చెయ్యి ఆకారం గీసి, కూరగాయల చాకుతో మొదలుపెట్టాను.

మోచేతి దగ్గర విరిగింది. ఇంకోటి చేశాను, మణికట్టు దగ్గర విరిగింది. మూడోది పూర్తయింది కానీ, ఉప్పు కాగితంతో రుద్దుతుంటే పుటుక్కుమని రెండు ముక్కలైంది. టేకు గట్టి చెక్క కదా, తలుపులూ ద్వారబంధాలూ చేసే చెక్క కదా, ఇంత సులువుగా ఎందుకు విరుగుతోంది? నాకు అర్థం కాలేదు.

విజయవాడ వెళ్లినప్పుడు ఆ బొమ్మనీ విరిగిన ముక్కల్నీ పట్టుకుని కొండపల్లి వెళ్లాను. అక్కడ బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని పని చేసుకుంటున్నారు. నా ముక్కలు తీసుకుని చూశారు. ఏమీ అనలేదు. పక్కనున్న చెక్కపేడు ఒకటి తీసి, నేను గీసినట్టే చెయ్యి గీసి, ఆ పేడుని నా అరచేతిలో అడ్డం నుంచి నిలువుకి తిప్పి పెట్టారు. అంతే. ఆ ఒక్క తిప్పుడులో నాకు విషయం బోధపడింది. ఇవాళ మీకు చెప్పబోయేదంతా దాని వివరణే.

కర్రలో నార ఉంటుంది. చెరుకుగడలో పీచు నిలువునా ఉన్నట్టు, చెట్టు ఎదిగిన దిక్కునే ఆ నార నడుస్తుంది. చెరుకుని నిలువుగా చీల్చడం తేలిక, అడ్డంగా తెంపడం కష్టం. చెక్క కూడా అంతే. నేను గీసిన చేతిలో నార మోచేతికి అడ్డంగా పోయింది. అంటే ఆ చెయ్యి మొత్తం పక్కపక్కన అతికిన పొట్టి పొట్టి నార ముక్కలే. పెద్దాయన తిప్పాక నార భుజం నుంచి వేళ్లదాకా నిలువునా వచ్చింది. ఆ చెయ్యి ఇప్పటికీ విరగలేదు. (బొమ్మ చూపిస్తూ) ఇదిగోండి. రంగు కాస్త తేడాగా ఉంది చూడండి, అదే నేను చేసిన చెయ్యి.

ఇక్కడ కొండపల్లి పనితనం గురించి ఒక మాట చెప్పాలి. వాళ్లు బొమ్మ మొత్తాన్ని ఒకే కర్రలోంచి తియ్యరు. మొండెం వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఒకే కర్రలో చెక్కితేనే గొప్ప, అతికితే తక్కువ అని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. అది తప్పు. మొండెంలో నార నిలువుగా ఉంటే, చాచిన చేతిలో అది అడ్డంగా పడుతుంది. విడిగా చెక్కి అతికితే, ప్రతి అవయవంలోనూ నార అది చాచిన దిక్కునే ఉంటుంది. ఆ అతుకులో చెక్క గురించిన తరాల తెలివి ఉంది.

సరే, ఈ నార గొడవ పెద్ద బొమ్మలకీ ఉంటుంది కదా, చిన్నవాటితో ప్రత్యేకంగా ఏమిటి కష్టం అని మీరు అడగచ్చు. దానికి కొన్ని లెక్కలు చెబుతాను. భయపడకండి, పదో తరగతి దాటవు.

నేను నా కొలువు కోసం ఒక పల్లెటూరు చేస్తున్నాను. కొలత ఏమిటంటే, అసలు వస్తువులో అడుగు ఉన్నది నా దగ్గర పావు అంగుళం. అంటే 48వ వంతు. ఐదడుగుల రెండంగుళాల మనిషి నా ఊళ్లో 33 మిల్లీమీటర్లు. అందులో తల ఏడో వంతు అనుకుంటే 4.7 మిల్లీమీటర్లు. కన్ను? మన కన్ను అడ్డంగా 3 సెంటీమీటర్లు ఉంటుంది. 48తో భాగిస్తే 0.6 మిల్లీమీటరు.

మనిషిని 48వ వంతు చేశాను. మరి చెక్క కూడా 48వ వంతు అయిందా? కాలేదు. టేకులో సన్నటి రంధ్రాలుంటాయి, చెట్టు నీళ్లు తోడుకునే గొట్టాలవి. రంపంతో అడ్డంగా కోసిన టేకు ముక్కని వెలుతురులో చూస్తే మామూలు కంటికే కనిపిస్తాయి. వాటిలో పెద్దవి పావు మిల్లీమీటరు దాకా ఉంటాయి. తలుపు మీద అది లెక్కలోకే రాదు. కానీ నా 4.7 మిల్లీమీటర్ల తల మీద? పావుని 48తో హెచ్చవేస్తే 12 మిల్లీమీటర్లు. మనిషి బుగ్గ మీద 12 మిల్లీమీటర్ల గుంట ఉన్నట్టు! నేను ఎంత నైపుణ్యంగా చెక్కినా ఆ గుంటని చెయ్యగలిగిందేమీ లేదు. అందుకే చిన్న పనికి చెక్క ఎంచుకోవడంతోనే సగం పని అయిపోతుంది. గట్టిదా మెత్తదా అన్నది తరవాతి సంగతి. నార సన్నగా, ఒక్కలా ఉందా లేదా అన్నదే ముందు చూడాలి.

మనకి దొరికేవాటిలో నాకు ప్రాణం అంకుడు కర్ర. ఏటికొప్పాక వాళ్లు లక్క బొమ్మలు చేసేది దీనితోనే. పాలమీగడ రంగులో ఉంటుంది, నార కంటికి ఆనదు, చాకు ఎటు నడిపినా మాట వింటుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి కర్ర చాలా తేలిక, చాలా మెత్తన. నేర్చుకునే చేతికి హాయిగా ఉంటుంది. కానీ అంగుళం లోపు బొమ్మకి వచ్చేసరికి, చాకు పదును కాస్త తగ్గినా తెగకుండా నలిగిపోతుంది. కొండపల్లి బొమ్మల మీద సున్నం పూత వేసి, ఆపైన రంగులు వేస్తారు కాబట్టి వాళ్ల కొలతలో అది చక్కగా సరిపోతుంది. నా కొలతలో సరిపోదు.

ఎర్రచందనం గురించి ప్రతిచోటా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చెక్క అది, పనికి అద్భుతంగా ఉంటుంది. మన శేషాచలం చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. అనుమతి కాగితాలు లేని ముక్క అగ్గిపెట్టెంత ఉన్నా ముట్టుకోకండి. ఎవరైనా బహుమతిగా ఇచ్చినా తీసుకోకండి. ఆ చెట్టుకి ఇప్పటికే చాలా జరిగింది.

ఇంకో లెక్క. బొమ్మ చెయ్యిని అన్ని కొలతల్లోనూ సగం చేశామనుకోండి. విరగడానికి కావలసిన బలం కూడా సగం అవుతుందా? (పిల్లల నుంచి: అవుతుంది) కాదమ్మా, నాలుగో వంతు అవుతుంది. మందం తగ్గినకొద్దీ బలం అంత వేగంగా పడిపోతుంది. మరి 48వ వంతు చేస్తే? 48ని 48తో హెచ్చవేయండి, 2304. అసలు కొలతలో ఉన్న చెక్క చెయ్యిని విరచడానికి ఎంత బలం కావాలో, అందులో 2304వ వంతు చాలు నా బొమ్మ చెయ్యి విరగడానికి. కానీ నా బొటనవేలి బలం 2304వ వంతు కాలేదు కదా. అది నిన్న ఎంత ఉందో ఇవాళా అంతే ఉంది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. బరువు ఇంకా వేగంగా తగ్గుతుంది. అందుకే ఈ బొమ్మ బల్ల మీంచి నేల మీద పడితే ఏమీ కాదు. చాలాసార్లు పడింది, చెక్కుచెదరలేదు. దాని బరువు దానికి ఏ అపకారమూ చెయ్యలేదు. చెక్కేటప్పుడు పట్టుకున్న నా వేళ్లే దాన్ని విరుస్తాయి. ఈ సంగతి తెలిశాక నేను పని చేసే పద్ధతే మారిపోయింది. ఇప్పుడు బొమ్మని పట్టుకోను. (ఒక పుల్ల చూపిస్తూ) ఇది నాలుగంగుళాల కర్ర. ఎడమ చేత్తో కింద పట్టుకోవడానికి మూడంగుళాలు వదిలేశాను. పై కొసన అంగుళంలో బొమ్మ ఉంది. చిట్టచివర రంగు ఆరాక కింద కాడ కోసేస్తాను. అప్పటిదాకా వేలు బొమ్మని తాకనే తాకదు. మొదట్లో ముక్క వృథా అవుతుందని పొదుపు చేసి అంగుళంన్నర ముక్కతోనే తంటాలు పడేదాన్ని. ఆ పొదుపు వల్లే ఒకసారి చాకు జారి ఎడమ బొటనవేలు తెగి మూడు కుట్లు పడ్డాయి. ఇదిగో మచ్చ. దయచేసి మీరు అలా చెయ్యకండి. కాడ పొడుగ్గా ఉంచండి, బొటనవేలికి తోలు తొడుగు వేసుకోండి.

చాకు మాట వచ్చింది కాబట్టి పనిముట్లు కూడా చూపిస్తాను. చాలా తక్కువే. ఇది సర్జికల్ బ్లేడు, 11వ నంబరు, మొన సూదిగా ఉంటుంది, మందుల దుకాణంలో దొరుకుతుంది. ఇది పాత యాక్సా బ్లేడు ముక్కని రాయి మీద అరగదీసి చేసుకున్న చాకు. ఇక ఇది నాకు బాగా ఇష్టమైనది. ఏమిటో చెప్పగలరా? గొడుగు ఊచ. విరిగిన గొడుగుల్లో ఊచ చూడండి, మధ్యలో గాడి ఉంటుంది. దాని కొన ఏటవాలుగా అరగదీస్తే మిల్లీమీటరు వెడల్పున్న వంపు ఉలి తయారైనట్టే. చీర కుచ్చిళ్ల మడతలన్నీ దీంతోనే తీస్తాను. మా వీధిలో గొడుగులు బాగుచేసే ఆయన ఊచలు నాకోసం దాచి ఉంచుతారు.

ఏ పనిముట్టయినా పదును ఉండాలి. వంటింటి చాకు పదును ఇక్కడ పనికిరాదు. సానరాయి మీద పట్టాక, తోలు పట్టీ మీద పాతికసార్లు వెనక్కి లాగాలి. చెక్కని అడ్డంగా కోసిన చోట గాజులా మెరిస్తే పదును ఉన్నట్టు, సుద్దలా తెల్లగా పొడి పొడిగా ఉంటే నార నలిగినట్టు. నేను పావుగంటకోసారి తోలు మీద లాగుతాను. చాకు మొద్దుబారితే మనకి తెలియకుండానే బలం ఎక్కువ పెడతాం. 2304 గుర్తుంది కదా.

ఇప్పుడు ముఖం. అందరూ అడిగేది ఇదే, అంత చిన్న ముఖంలో కళ్లూ ముక్కూ ఎలా చెక్కుతారు అని.

చెక్కను. అదే రహస్యం.

మన కంటికి స్పష్టంగా కనపడే దగ్గరి దూరం 25 సెంటీమీటర్లు అని పాఠంలో చదువుకున్నాం. ఆ దూరంలో మంచి చూపున్న కన్ను విడిగా గుర్తుపట్టగలిగే అతి చిన్న ఎడం మిల్లీమీటరులో పదో వంతుకి అటూ ఇటుగా ఉంటుంది. నా బొమ్మ కన్ను 0.6 మిల్లీమీటరు. అంటే ఆరు చుక్కలు. ఆరు చుక్కల్లో రెప్పలూ, నల్లగుడ్డూ, తెల్లగుడ్డూ ఎక్కడ పెడతాం?

నాకు అప్పటికే చత్వారం వచ్చేసింది కాబట్టి స్టాండు ఉన్న భూతద్దం కొనుక్కున్నాను. దాని కింద పెడితే కన్ను చింతగింజంత కనపడింది. సంబరపడి పైరెప్ప, కిందిరెప్ప, గుడ్డు అన్నీ చెక్కాను. నాలుగు ఉదయాల పని. అద్దం తీసి చూస్తే ముఖం మీద రెండు గీరుళ్లు. ఆ ముఖానికి చూపు లేదు. నాకు ఏడుపొచ్చింది. భూతద్దం కింద చేసింది భూతద్దం కిందే బాగుంటుంది. కొలువు చూడటానికి వచ్చే పేరంటాళ్లు భూతద్దం పట్టుకుని రారు కదా.

ఇప్పుడు ఎలా చేస్తానంటే, ముందు తలని ముందువైపు ఇంటి కప్పులా రెండు వాలుగా కోస్తాను. మధ్య శిఖరం ముక్కు అవుతుంది. ముక్కు అడుగున నిలువుగా ఒక కోత, కింద నుంచి దాన్ని కలుస్తూ ఇంకో కోత. గోరు చివరంత పేడు లేచి పోతుంది. ముక్కు కింద నీడ వచ్చేస్తుంది. తరవాత ముక్కుకి అటొక్కటి ఇటొక్కటి, గొడుగు ఊచ ఉలితో చిన్న గుంట. లోతు పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అంతే, కళ్లు వచ్చేశాయి. పైనుంచి వెలుతురు పడితే ఆ గుంటల్లో నీడ నిలుస్తుంది. ఆ నీడని మన మనసే కన్నుగా చదువుకుంటుంది. పెదవులు అసలు చెయ్యను. ముక్కు కింద నీడకి కాస్త దిగువన గడ్డం ఉబ్బు వదిలితే, మధ్యలో నోరు ఉన్నట్టే కనిపిస్తుంది. ముక్కుని మాత్రం లెక్క ప్రకారం రావలసినదానికన్నా కొంచెం పెద్దదిగా ఉంచుతాను. సరిగ్గా 48వ వంతు చేస్తే ముక్కు లేనట్టే ఉంటుంది.

ఇలా ఒక ముఖానికి ఇప్పుడు నాకు పదిహేను నిమిషాలు పడుతోంది. ఏది చెక్కాలి అన్నది రెండేళ్లలో నేర్చుకున్నాను. ఏది వదిలెయ్యాలో నేర్చుకోవడానికి మిగిలిన ఏడేళ్లూ పట్టింది, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను.

అంత కష్టపడి తీసిన గుంటల్ని రంగు మింగేస్తుంది. స్కూలు ల్యాబులో స్క్రూగేజ్ ఉంది కదా, ఒకసారి చెక్క ముక్క మందం కొలిచి, ఒక పక్కన నేను మామూలుగా వేసే నాలుగు పూతలు వేసి, ఆరాక మళ్లీ కొలిచాను. 0.15 మిల్లీమీటరు పెరిగింది. 48తో హెచ్చవేస్తే ఏడు మిల్లీమీటర్ల పైమాటే. మనిషి ముఖానికి ఏడు మిల్లీమీటర్ల మందాన మట్టి మెత్తినట్టు. కళ్లు ఎందుకు పూడుకుపోతున్నాయో అప్పుడు అర్థమైంది. ఇప్పుడు రంగుని మజ్జిగ తేటంత పల్చగా కలిపి ఒక్కసారే పూసి, వెంటనే గుడ్డతో అద్దేస్తాను. రంగు గుంటల్లోనే నిలిచి, ఉబ్బుల మీద పల్చబడుతుంది. ఉప్పు కాగితం కూడా మానేశాను. రెండు రుద్దులకే ముక్కు కొన గుండ్రమైపోతుంది. పైగా దాని రవ్వలు చెక్కలో ఇరుక్కుని తరవాత చాకు పదునంతా తినేస్తాయి. నునుపు కావాలంటే చాకుతోనే తేవాలి.

ఇక మీరంతా ఎదురుచూస్తున్న బండి దగ్గరికి వస్తాను.

ఎడ్లబండి లేకుండా పల్లెటూరు ఏమిటి? ఐదడుగుల చక్రం నా కొలతలో 32 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. మొదటిసారి నేను పలకలా ఉన్న అంకుడు ముక్క మీద కంపాస్‌తో చక్రం గీసి, మధ్యలో ఖాళీలు కోసేసి, పన్నెండు ఆకులు మిగిల్చాను. ఆకులంటే తెలుసు కదా పిల్లలూ, చక్రం మధ్యలోంచి చుట్టూ పోయే కమ్మీల్లాంటివి. చూడటానికి ముచ్చటగానే వచ్చింది. ఇరుసుకి ఎక్కించబోతే నాలుగు ఆకులు ఒక్కసారిగా విరిగాయి. ఏ నాలుగో చెప్పండి? నిలువు ఆకులు బాగున్నాయి. నార వాటిలో పొడుగునా ఉంది. అడ్డంగా ఉన్న రెండూ, వాటి పక్కనున్నవాటిలో రెండూ విరిగాయి. అమ్మమ్మ బొమ్మ చెయ్యి కథే మళ్లీ. ఏళ్లు గడిచాక కూడా అదే తప్పు చేశాను.

అప్పుడు అసలు బండి చక్రం ఎలా చేస్తారో చూశాను. వడ్రంగి ఎప్పుడూ చక్రాన్ని ఒకే పలకలోంచి కొయ్యడు. నడుమ ఒక దిమ్మ. అందులోకి దిగే ఆకులు, ప్రతి ఆకూ వేరే కర్ర, ప్రతి దానిలోనూ నార పొడుగునా. చుట్టూ వంపు తిరిగే పూటీలు, ఒక్కో పూటీలో రెండేసి ఆకుల కొనలు దిగుతాయి. ఆపైన ఇనుప పట్టా. ఇన్నాళ్లూ నేను చక్రం ఆకారాన్ని మాత్రమే కాపీ కొట్టాను. వడ్రంగి ఆలోచనని కాపీ చెయ్యలేదు.

రెండో చక్రంలో ఆకుల్ని రంపంతో కొయ్యలేదు. చీల్చాను. రంపం నారని ఎక్కడపడితే అక్కడ తెంపుకుంటూ పోతుంది. చీలిక మాత్రం నార వెంటే నడుస్తుంది, ఈ చివర మొదలైన పోగు ఆ చివరదాకా ఉంటుంది. ఆకు మందం 1.25 మిల్లీమీటర్లు రావాలి, పన్నెండూ ఒక్కలా ఉండాలి. చాకుతో గీకితే ఒకటి లావు, ఒకటి సన్నం వస్తున్నాయి. మా వీధి చివర నగలు చేసే ఆయన దగ్గర కూర్చున్నప్పుడు, ఆయన వెండి తీగని కమ్మచ్చులోంచి లాగుతున్నారు. కమ్మచ్చున తీసినట్టు అని మనం ఊరికే అంటుంటాం కదా, నేను ఆ వస్తువుని అప్పుడే మొదటిసారి చూశాను. ఉక్కు పట్టీలో వరసగా సన్నబడుతూ పోయే రంధ్రాలు. ఇంటికి వచ్చి ఒక ఇనుప పట్టీకి రెండు మిల్లీమీటర్లు, ఒకటిన్నర, ఒకటింపావు రంధ్రాలు వేయించాను. చీల్చిన పుల్లని వాటిలోంచి ఒకదాని తరవాత ఒకటిగా లాగితే, అంచులు గీసుకుపోయి నిజంగానే కమ్మచ్చున తీసినట్టు వచ్చింది. పన్నెండుకి పదిహేడు లాగాను. ఐదు విరిగాయి. నార వంకరగా ఉన్న పుల్ల ఆ రంధ్రం దాటలేదు, అక్కడే చీలిపోతుంది. కాబట్టి అది పరీక్ష కూడా. దాటి వచ్చిన ప్రతి పుల్లా మంచి పుల్లే.

పట్టా దగ్గర ఫిజిక్స్ టీచర్‌గా నాకో ఆశ పుట్టింది. ఉష్ణ వ్యాకోచం పాఠంలో మనం చెప్పే ఉదాహరణ ఇదే కదా. ఇనుప పట్టాని చక్రం కన్నా కాస్త చిన్నగా చేసి, మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు తొడిగి, నీళ్లు పోస్తే బిగుసుకుని మొత్తం చక్రాన్ని పట్టేస్తుంది. నేనూ అలాగే చేద్దామనుకున్నాను. లెక్క వేశాను. ఇనుముని ఐదు వందల డిగ్రీలు వేడి చేస్తే వందకి 0.6 పాళ్లు సాగుతుంది. ఐదడుగుల చక్రానికి అది 9 మిల్లీమీటర్లు. వడ్రంగీ కమ్మరీ నిశ్చింతగా తొడగచ్చు. నా చక్రానికి 0.19 మిల్లీమీటరు. శాతం అదే, ఏమీ తగ్గలేదు. కానీ నా చేతి తప్పు శాతంలో రాదు. మిల్లీమీటర్లలో వస్తుంది. పట్టా చుట్టేటప్పుడే నాకు 0.3 తేడా వస్తోంది. పైగా ఎర్రగా కాలిన ఇనుము, మిల్లీమీటరున్నర మందం ఉన్న పూటీని మసి చేసేస్తుంది. కాబట్టి ఆ ఆశ వదులుకుని, నల్లరంగు వేసిన రేకు పట్టీ చుట్టి జిగురుతో అతికించాను. చిన్న కొలతకి వచ్చేసరికి పెద్దదాని పద్ధతుల్లో కొన్ని పనికొస్తాయి, కొన్ని అస్సలు పనికిరావు. ఏది ఏదో ముందే తెలియదు, ఒక్కోటి చేసి చూడాల్సిందే.

ఇదే ఆలోచనతో ప్రపంచంలో ఇంకెవరు ఏం చేశారా అని చదువుతూ ఉంటాను. 16వ శతాబ్దం మొదట్లో ఇప్పటి నెదర్లాండ్స్ ప్రాంతంలో బాక్స్‌వుడ్ అనే చెక్కతో అక్రోటు కాయంత ప్రార్థన పూసలు చేశారు. తెరిస్తే లోపల క్రీస్తు కథలోని ఘట్టాలు, పదుల కొద్దీ మనుషులు. ఇదంతా ఒకే ముక్కలో ఎలా చెక్కారా అని చూసినవాళ్లందరూ అబ్బురపడేవాళ్లు. 2016లో టొరంటోలో వాటి ప్రదర్శన జరిగింది, తరవాత న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో కూడా. ఆ సందర్భంగా ఎక్స్‌రే స్కానింగ్ చేసి చూస్తే, అవి ఒకే ముక్కలు కావు. పొరలు పొరలుగా విడివిడిగా చెక్కి, కంటికి ఆనని చీలలతో బిగించారు. ఆ వార్త చదివిన రోజు నాకు మన కొండపల్లి మక్కు గుర్తొచ్చి మనసు పొంగిపోయింది. ఐదు వందల ఏళ్ల కిందట ఎక్కడో ఉన్న మనిషికీ చెక్క అదే పాఠం చెప్పింది.

జపాన్ వాళ్లది ఇంకో దారి. కిమోనోకి జేబులుండవు, అందుకని నడికట్టుకి సంచి వేలాడదీసుకుని, తాడు జారిపోకుండా పైన ఒక చిన్న బొమ్మ కట్టుకునేవాళ్లు. నెట్సుకే అంటారు. రోజంతా బట్టలకి రాసుకుంటూ ఉండే వస్తువు అది, అతుకులుంటే నిలవదు. అందుకే ఒకే ముక్కలో చెక్కి, బయటికి పొడుచుకొచ్చేది ఏదీ లేకుండా చూసుకున్నారు. ఎలుకైతే తోకని ఒంటికి చుట్టేసుకుంటుంది. మనిషైతే మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. విరిగే అవకాశం లేని భంగిమనే ఎంచుకుని, దానిలోనే ప్రాణం పోశారు. నేను ఇప్పుడు రోట్లో పిండి రుబ్బే ఆవిడని చేస్తున్నాను. చెయ్యి పొత్రాన్ని పట్టుకుని ఉంటుంది, మోచెయ్యి మోకాలికి ఆని ఉంటుంది. గాలిలో ఏదీ లేదు. ఒకే ముక్కలో వచ్చేస్తుంది.

ఒక విన్నపం ఉంది. అంకుడు, పొణికి రెండూ మన చేతివృత్తుల వాళ్ల జీవనాధారం. ఆ కర్ర దొరకడం ఏటికేడు కష్టమవుతోందని అక్కడికి వెళ్లిన ప్రతిసారీ వింటున్నాను. మనలాంటి సరదా పనివాళ్లకి ఏడాదికి కావలసింది చారెడు ముక్కలు. వాళ్ల దగ్గరే, బొమ్మ కోశాక మిగిలిన ముక్కల్ని డబ్బిచ్చి కొనుక్కోండి. కొమ్మ నరికించకండి. జాగా ఉన్నవాళ్లు ఒక అంకుడు మొక్క వెయ్యండి. మా స్కూల్లో మూడు వేశాం. రెండు బతికాయి.

ఇంక ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఒక అమ్మాయి: టీచర్, మేం నేర్చుకోవాలంటే దేంతో మొదలుపెట్టాలి?)

సబ్బుతో మొదలుపెట్టమ్మా. బట్టల సబ్బు, కొత్తది. సబ్బుకి నార లేదు కాబట్టి ఎటు కోసినా ఒకేలా తెగుతుంది, ఆకారం ఒక్కటే చూసుకుంటే చాలు. ప్లాస్టిక్ చాకు సరిపోతుంది. నాలుగైదు సబ్బులు అయ్యాక పొణికి ముక్క పట్టుకో. అప్పుడు నార నీకు తనంతట తనే పరిచయం అవుతుంది. చెక్క చేతికి వచ్చిన రోజు నుంచి పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

(ఒక పెద్దాయన: చేతులు వణుకుతాయి కదమ్మా, ఈ వయసులో సాధ్యమేనా?)

అందరి చేతులూ వణుకుతాయండి, చిన్నపిల్లలవి కూడా. పెద్ద పనిలో అది తెలియదు, అంతే. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించండి. చాకు పట్టిన చేతి బొటనవేలు, చెక్క పట్టిన చేతి బొటనవేలు ఒకదానికొకటి తగిలేలా ఉంచండి. అప్పుడు వణికినా రెండు చేతులూ కలిసే వణుకుతాయి, చాకుకీ చెక్కకీ మధ్య దూరం మారదు. ఊపిరి వదిలేటప్పుడు కొయ్యండి. చేత్తో కాదు, బొటనవేలితో నెట్టండి. కోత ఒకేసారి రెండు మిల్లీమీటర్లు దాటొద్దు.

(ఒక అబ్బాయి: టీచర్, ఆ చక్రం చూడొచ్చా?)

చూడొచ్చు, దానికేగా తెచ్చింది. ఈ మూతలో పెట్టి పంపిస్తున్నాను, వరసగా ఒకరి తరవాత ఒకరు చూడండి. చేత్తో తీసి చూడండి, పరవాలేదు. పట్టా దగ్గర రెండు వేళ్లతో పట్టుకో నాన్నా. ఆకుల దగ్గర వద్దు. ఆ, అలాగే. ఇప్పుడు వెలుతురుకి పెట్టి చూడు, ఒక్కో ఆకులో నార ఎటు నడుస్తోందో.